బండికి దారి చూపించేది ఏది కొనాలి: ఫోనా, జీపీఎస్సా, హెల్మెట్‌లో స్పీకరా?

గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న బండి ఒక్క సెకనులో 22 మీటర్లు దాటుతుంది. హ్యాండిల్ మీదున్న స్క్రీన్‌ని రెండు సెకన్లు చూశామంటే ఆలోపు 44 మీటర్లు వెళ్లిపోయాం. మన రోడ్ల మీద ఆ 44 మీటర్లలో గేదె అడ్డం రావచ్చు, రాంగ్ రూట్‌లో ఆటో ఎదురవ్వచ్చు, రంగు వెలిసిపోయిన స్పీడ్ బ్రేకర్ ఉండొచ్చు. అందుకే బైక్ నావిగేషన్‌కి ఏం కొనాలని ఎవరడిగినా స్క్రీన్ సైజు గురించీ ధర గురించీ తర్వాత మాట్లాడతాను. దారి తెలుసుకోవడం కోసం కళ్లు రోడ్డు మీద నుంచి ఎంతసేపు పక్కకు పోతాయి? మొదట చూడాల్సింది అదే. ఈ పోలిక అంతా ఆ లెక్క మీదే చేస్తున్నాను.

ఇప్పుడు మన ముందున్న దారులు ఇవి: హ్యాండిల్‌కి బిగించిన ఫోన్, బండితోనే వచ్చే స్క్రీన్, బైక్ కోసమే చేసిన జీపీఎస్ పరికరం, బాణం గుర్తు మాత్రమే చూపించే చిన్న పరికరాలు, హెల్మెట్‌లో వినిపించే గొంతు. చాలామంది వీటిలో ఒకటి ఎంచుకోవాలనుకుంటారు. నిజానికి చెవికి ఒకటి, కంటికి ఒకటి కలిపి పెట్టుకున్నవాళ్లే హాయిగా తిరుగుతారు.

సిగ్నల్ పోతే జీపీఎస్ పోదు

పోలికలోకి వెళ్లేముందు ఈ సంగతి తేలాలి. "అడవిలో సిగ్నల్ ఉండదు కదా, ఫోన్ ఎలా పనిచేస్తుంది, జీపీఎస్ కొనాల్సిందే" అనుకుని వేలకు వేలు పెట్టేవాళ్లున్నారు. మీరెక్కడున్నారో ఫోన్‌కి తెలిసేది ఉపగ్రహాల నుంచి. అమెరికా జీపీఎస్, రష్యా గ్లోనాస్, యూరప్ గెలీలియో, చైనా బైడూ, మన నావిక్, వీటిలో ఫోన్‌లో ఉన్న చిప్ ఏవి అందుకోగలిగితే వాటిని అందుకుంటుంది. 2023 మే 29న శ్రీహరికోట నుంచి వెళ్లిన ఎన్‌వీఎస్-01 ఉపగ్రహంతో నావిక్ కూడా మామూలు ఫోన్ చిప్‌లు ఎక్కువగా వాడే ఎల్1 అనే ఫ్రీక్వెన్సీ బ్యాండ్‌లోకి వచ్చింది. వీటికి మొబైల్ టవర్‌తో పని లేదు. టవర్ సాయం ఉంటే మొదటిసారి చోటు పట్టుకోవడం త్వరగా అవుతుంది, అంతే.

సిగ్నల్ లేనప్పుడు ఆగిపోయేవి మ్యాప్ బొమ్మ దిగడం, ట్రాఫిక్ సమాచారం, ఊళ్ల పేర్లు వెతకడం. మ్యాప్‌ని ఇంట్లో వైఫై ఉన్నప్పుడే డౌన్‌లోడ్ చేసి పెట్టుకుంటే మన్ననూరు దాటి నల్లమలలోకి వెళ్లినా, పాడేరు ఘాట్‌లో ఉన్నా నీలం చుక్క మీతో పాటే కదులుతుంది.

అయితే ఇందులో ఒక మెలిక ఉంది, బైక్ వాళ్లకు ఇది చాలా ముఖ్యం. గూగుల్ మ్యాప్స్‌లో టూ వీలర్ మోడ్ 2017 డిసెంబర్‌లో మొదట మన దేశంలోనే వచ్చింది. కానీ ఆఫ్‌లైన్‌లో గూగుల్ ఇచ్చేది కారు దారి. కారు దారికీ బైక్ దారికీ తేడా ఏముందిలే అనుకోకండి. హైదరాబాద్ చుట్టూ ఉన్న 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు మీదికి బైకులను రానివ్వరు. మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ వెళ్లే పీవీ ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కనివ్వరు. 2023 ఆగస్టు 1 నుంచి బెంగళూరు - మైసూరు హైవే ప్రధాన మార్గం మీదా నిషేధమే. ముంబై - పుణె ఎక్స్‌ప్రెస్‌వే సంగతి అందరికీ తెలిసిందే. ఆఫ్‌లైన్‌లో కారు దారి పట్టుకుని వెళ్తే టోల్ గేటు దగ్గరికి వెళ్లాక వెనక్కి తిప్పి పంపుతారు. అందుకని నగరం దాటేవరకు డేటా ఆన్‌లో ఉంచి టూ వీలర్ మోడ్‌లో వెళ్లండి. ఆఫ్‌లైన్ మ్యాప్‌ని సిగ్నల్ లేని చోటు కోసం దాచుకోండి.

హ్యాండిల్ మీద ఫోన్

నూటికి తొంభై మందికి సరిపోయేది ఇదేనని నా అభిప్రాయం. కొత్తగా కొనాల్సింది హోల్డర్, ఛార్జర్ మాత్రమే. ట్రాఫిక్ సమాచారం, పెట్రోల్ బంకులు, దారిలో హోటళ్లు, అన్నీ ఇందులోనే దొరుకుతాయి. గూగుల్ మ్యాప్స్ 2018 నుంచి తెలుగులో కూడా దారి చెబుతోంది.

ఇబ్బందులు మూడు: వేడి, వాన, వైబ్రేషన్.

వేడి సంగతి మనవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. ఐఫోన్‌ని చుట్టూ గాలి 35 డిగ్రీల లోపు ఉన్నప్పుడే వాడాలని ఆపిల్ చెబుతుంది. రామగుండంలోనో రెంటచింతలలోనో ఏప్రిల్, మే నెలల్లో 35 డిగ్రీలంటే ఉదయం పూటే దాటిపోతుంది. ఎండలో స్క్రీన్ కనపడాలని బ్రైట్‌నెస్ పెంచుతాం, పక్కనే ఛార్జింగ్ ఎక్కుతుంటుంది, పైన సూర్యుడు. ఫోన్ తనను తాను కాపాడుకోవడానికి ముందు వెలుతురు తగ్గించేస్తుంది, ఆ తర్వాత ఛార్జింగ్ ఆపేస్తుంది, ఇంకా వేడెక్కితే పూర్తిగా ఆగిపోతుంది. నల్ల కవర్ తీసేస్తే కొంత నయం. హోల్డర్‌లో వైర్‌లెస్ ఛార్జింగ్ పెట్టుకుంటే వేడి ఇంకా పెరుగుతుంది, మన ఎండలకు అది వద్దు. వైరే మేలు.

వానలో నీళ్లు లోపలికి పోతాయేమోనన్న టెన్షన్ కంటే ముందే వేరే సమస్య వస్తుంది. చినుకులు పడితే టచ్ స్క్రీన్ వాటిని వేలు అనుకుంటుంది. మ్యాప్ దానంతటదే జూమ్ అవుతుంది, ఒక్కోసారి నావిగేషన్ ఆగిపోతుంది. ఛార్జింగ్ పోర్టులో తడి చేరితే చాలా ఫోన్లు ఛార్జింగ్ ఎక్కించుకోవు. ప్లాస్టిక్ పౌచ్‌లో పెడితే వాన నుంచి తప్పించుకుంటాం కానీ ఎండ వచ్చిన పది నిమిషాల్లో లోపల ఆవిరి పట్టి, ఫోన్ ఉడికిపోతుంది. కాబట్టి పౌచ్ సీటు కింద ఉంచుకుని వాన వచ్చినప్పుడే తీయండి.

వైబ్రేషన్ గురించి ఆపిల్ 2021 సెప్టెంబర్‌లో ఒక హెచ్చరిక ఇచ్చింది. పెద్ద ఇంజన్ బైకుల హ్యాండిల్‌కి, ఛాసిస్‌కి ఫోన్ నేరుగా బిగిస్తే కెమెరాలో వణుకు తగ్గించే భాగం, ఫోకస్ చేసే భాగం పాడవ్వచ్చని, స్కూటర్లకు కూడా వైబ్రేషన్ తగ్గించే మౌంట్ వాడితే మంచిదని చెప్పింది. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలోనూ కెమెరా అద్దం తేలుతూ ఉండే అమరికే ఉంటుంది కాబట్టి ఇది వాటికీ వర్తిస్తుంది. బుల్లెట్, క్లాసిక్ లాంటి ఒకే పెద్ద సిలిండర్ బండ్లు మన దగ్గర ఎక్కువ, వాటి దడ హ్యాండిల్ దాకా వస్తుంది. క్వాడ్ లాక్ లాంటి కంపెనీలు రబ్బరు డ్యాంపర్ విడిగా అమ్ముతాయి. ర్యామ్ మౌంట్స్ వాళ్ల ఎక్స్ గ్రిప్, మన దేశంలో బాగా అమ్ముడయ్యే బోబో హోల్డర్లు నాలుగు మూలలా గట్టిగా పట్టుకుంటాయి. ఏది కొన్నా రబ్బరు తాడు అదనంగా వేయండి, గతుకుల్లో ఫోన్ ఎగిరి రోడ్డు మీద పడకుండా కాపాడేది అదే.

ఈ మూడు ఇబ్బందులకూ కలిపి మంచి విరుగుడు ఒకటుంది. రోజూ వాడే ఖరీదైన ఫోన్‌ని జేబులో పెట్టుకుని, ఇంట్లో మూలన పడి ఉన్న పాత ఆండ్రాయిడ్ ఫోన్‌ని హ్యాండిల్‌కి ఎక్కించండి. జేబులో ఫోన్ నుంచి హాట్‌స్పాట్ ఇస్తే ట్రాఫిక్ సమాచారం వస్తుంది, లేకపోతే ఆఫ్‌లైన్ మ్యాప్ చాలు. దాని కెమెరా పాడైనా బాధ లేదు, పడి పగిలినా బ్యాంకు యాప్‌లు, ఫొటోలు పోవు. అన్నిటికంటే ముఖ్యం, యాక్సిడెంట్ అయితే ఫోన్ చేయడానికి ఛార్జింగ్ నిండుగా ఉన్న ఫోన్ ఒంటి మీదే ఉంటుంది. పాత ఫోన్‌లో ఆర్గానిక్ మ్యాప్స్‌ గానీ ఓస్మాండ్‌ గానీ వేసుకోండి. రెండూ జనమే కలిసి తయారుచేసే ఉచిత మ్యాప్ ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ సమాచారంతో పూర్తిగా ఆఫ్‌లైన్‌లో నడుస్తాయి, ఓస్మాండ్‌లో మోటార్‌సైకిల్‌కి విడిగా ప్రొఫైల్ కూడా ఉంది. ఊళ్లో ఫలానా కిరాణా షాపు కావాలంటే వాటిలో దొరక్కపోవచ్చు. అలాంటివాటికి గూగుల్‌కు సాటి లేదు.

ఛార్జర్ దగ్గర పొదుపు చేయకండి. ఫుల్ బ్రైట్‌నెస్‌లో నావిగేషన్ నడుస్తుంటే 5 వాట్ల చౌక సాకెట్ సరిపోదు, వైరు పెట్టి ఉన్నా బ్యాటరీ శాతం పడిపోతూనే ఉంటుంది. ఫాస్ట్ ఛార్జింగ్ ఉన్నది తీసుకోండి. బ్యాటరీ నుంచి వైరు లాగేటప్పుడు మధ్యలో ఫ్యూజ్ తప్పకుండా ఉండాలి. తాళం తీస్తే కరెంటు ఆగేలా కలపమని మెకానిక్‌కి చెప్పండి, లేకపోతే నాలుగు రోజులు బండి తీయకపోతే బ్యాటరీ దిగిపోతుంది. హ్యాండిల్ రెండు వైపులా పూర్తిగా తిప్పి, వైరు ఎక్కడా లాగడం లేదని, ఫోన్ ట్యాంకుకో మీటరుకో తగలడం లేదని అక్కడే నిలబడి చూసుకోండి.

బండితో వచ్చే స్క్రీన్

2018లో టీవీఎస్ ఎన్‌టార్క్ బ్లూటూత్‌తో వచ్చినప్పుడు మీటర్‌లో దారి చూపించడం కొత్త విషయం. 2020 నవంబర్‌లో రాయల్ ఎన్‌ఫీల్డ్ మీటియోర్ 350తో ట్రిప్పర్ వచ్చింది. చిన్న గుండ్రటి తెర, అందులో బాణం గుర్తు, మలుపు ఎంత దూరంలో ఉందో అంకె. చూడటానికి తక్కువగా అనిపిస్తుంది కానీ నా లెక్కలో దీనికి మంచి మార్కులు పడతాయి. మ్యాప్ మొత్తం కనపడితే కన్ను దానిలో వెతుకుతుంది. బాణం ఒక్కటే ఉంటే అర సెకనులో చూసి కళ్లు మళ్లీ రోడ్డు మీదికి వస్తాయి. 2023లో వచ్చిన కొత్త హిమాలయన్‌లో 4 అంగుళాల గుండ్రటి స్క్రీన్ మీద గూగుల్ మ్యాప్ మొత్తం కనిపిస్తుంది. ఘాట్ రోడ్డులో తర్వాతి మలుపు ఎంత వంపు తిరిగిందో ముందే తెలుస్తుంది, అది లాభమే. హైదరాబాద్ ట్రాఫిక్‌లో మాత్రం ఆ మ్యాప్ కంటే బాణమే నయం.

గుర్తుంచుకోవాల్సింది ఏమిటంటే వీటిలో చాలావరకు సొంత తెలివి ఉండదు. లెక్కంతా జేబులో ఉన్న ఫోన్ చేస్తుంది, కంపెనీ యాప్ నడుస్తూ ఉండాలి, ఫోన్ బ్యాటరీ కరుగుతుంది, జేబులో వేడెక్కుతుంది. ఫోన్ బ్యాటరీ ఆదా చేసే సెట్టింగ్ ఆ యాప్‌ని వెనకాల ఆపేస్తే మీటర్‌లో బాణం మాయమవుతుంది, కాబట్టి ఆ యాప్‌కి బ్యాటరీ ఆప్టిమైజేషన్ తీసేయాలి. ఏథర్ 450ఎక్స్ లాంటి ఎలక్ట్రిక్ స్కూటర్ల దారి వేరు. 7 అంగుళాల టచ్‌స్క్రీన్‌లోనే గూగుల్ మ్యాప్స్ నడుస్తుంది. ఆఫీసుకీ ఇంటికీ మధ్య తిరిగేవాళ్లకు ఇంకేమీ కొనాల్సిన పని లేదు.

నావిగేషన్ కోసమని ఖరీదైన వేరియంట్ కొనాలా అని అడిగితే, వద్దంటాను. ఆ డబ్బు మంచి హెల్మెట్‌కో ఏబీఎస్ ఉన్న వేరియంట్‌కో పెట్టండి. ఎలాగూ ఉన్న బండిలో వస్తే మాత్రం పూర్తిగా వాడుకోండి.

బైక్ కోసమే చేసిన జీపీఎస్

ఇందులో అందరూ చెప్పే పేరు గార్మిన్ జుమో. 2020లో వచ్చిన జుమో ఎక్స్‌టీకి 5.5 అంగుళాల స్క్రీన్, 2023లో వచ్చిన ఎక్స్‌టీ2కి 6 అంగుళాలది. టామ్‌టామ్ రైడర్ కూడా ఇదే కోవలోది. గ్లోవ్స్ వేసుకునే టచ్ చేయొచ్చు, మిట్టమధ్యాహ్నం ఎండలో కూడా స్పష్టంగా కనిపిస్తుంది, వాన పడినా పట్టించుకోదు, వైబ్రేషన్ తట్టుకునేలా కట్టారు. మ్యాప్ మొత్తం లోపలే ఉంటుంది. ఫలానా రోడ్డు మీదుగా వెళ్లొద్దని ముందే గుర్తు పెట్టుకోవచ్చు, ఔటర్ లాంటి వాటికి అది బాగా పనికొస్తుంది. ఫోన్‌కి కాల్ వచ్చినా, వాట్సాప్‌లో గ్రూపు మెసేజ్‌లు కురిసినా మ్యాప్ చెదరదు.

ధర దగ్గరే గుండె గుభేలుమంటుంది. అమెరికాలో ఎక్స్‌టీ2ని 600 డాలర్లకు విడుదల చేశారు, అంటే మన లెక్కలో 50 వేల రూపాయల దాకా. అంత పెట్టినా మన ఊళ్లలో కొత్తగా పడ్డ బైపాస్, మూసేసిన క్రాసింగ్, తాజా ట్రాఫిక్ జామ్ విషయంలో ఫోన్‌దే పైచేయి.

అమెరికాలో ఉన్న అన్నయ్యో బావగారో వస్తుంటే వాళ్లతో తెప్పించుకోవాలనుకునేవాళ్లు ఆర్డర్ పెట్టేముందు ఒకటి చూసుకోండి. అక్కడ అమ్మే పరికరంలో ఉత్తర అమెరికా మ్యాప్ ఉంటుంది. ఇండియా మ్యాప్ విడిగా కొనాలి, లేదా ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ నుంచి గార్మిన్ కోసం చేసిన ఉచిత మ్యాప్‌ని మెమరీ కార్డులో వేసుకోవాలి. రెండోది కష్టమేమీ కాదు కానీ కంప్యూటర్ ముందు కూర్చునే ఓపిక కావాలి. వారంటీ ఇక్కడ చెల్లుతుందో లేదో కూడా ముందే కనుక్కోండి. టీ తాగడానికి ఆగిన ప్రతిచోటా దాన్ని ఊడదీసి బ్యాగులో వేసుకోవాల్సిందే.

మరి ఎవరు కొనాలి? ఏటా వారాల తరబడి రోడ్ల మీద ఉండేవాళ్లు, లడఖ్, స్పితి, ఈశాన్య రాష్ట్రాలు తిరిగేవాళ్లు, ఇతరులు పంపిన జీపీఎక్స్ ఫైళ్లు (వాళ్లు వెళ్లిన దారి దాచిన ఫైళ్లు) వేసుకుని కంకర దారుల్లో వెళ్లేవాళ్లు. ఏడాదికి రెండుసార్లు అరకు వెళ్లొచ్చేవాళ్లకు ఇది అనవసర ఖర్చు.

మధ్యరకం ఒకటి ఈమధ్య ఎక్కువగా కనిపిస్తోంది: ఫోన్‌లోని మ్యాప్‌ని వేరే తెర మీదికి తెచ్చే ఆండ్రాయిడ్ ఆటో, కార్‌ప్లే చూపించే వాటర్‌ప్రూఫ్ స్క్రీన్. బండి బ్యాటరీ మీద నడుస్తుంది, ఫోన్ జేబులో భద్రంగా ఉంటుంది. ఎండకీ వానకీ ఆగే తెర కావాలి కానీ జీపీఎస్‌కి అంత పెట్టలేం అనేవాళ్లకు ఇది బాగానే ఉంటుంది. కొనేముందు మీ ఫోన్‌ని కలిపి, టూ వీలర్ మోడ్ ఆ తెర మీద వస్తుందో లేదో షాపులోనే చూసుకోండి. లండన్ కంపెనీ బీలైన్ చేసే గుండ్రటి చిన్న పరికరం ట్రిప్పర్ తరహాలోదే, బాణం చూపిస్తుంది, లెక్క ఫోన్ చేస్తుంది. పాత బండిని అందంగా ఉంచుకోవాలనుకునేవాళ్లకు నచ్చుతుంది.

చెవిలో చెప్పే దారి

నన్నడిగితే ఖర్చు ఇక్కడ పెట్టాలి. "300 మీటర్ల తర్వాత ఎడమవైపు తిరగండి" అని చెవిలో వినపడితే కళ్లు రోడ్డు మీద నుంచి కదలక్కర్లేదు. వాన, ఎండ, ధూళి దేనితోనూ సంబంధం లేదు. స్క్రీన్ అసలు లేకుండా, ఫోన్ జేబులో పెట్టుకుని, మాట వింటూ వందల కిలోమీటర్లు వెళ్లేవాళ్లున్నారు.

సేనా, కార్డో లాంటివి ఇంటర్‌కమ్, అంటే ఒక హెల్మెట్ నుంచి ఇంకో హెల్మెట్‌కి మాట్లాడుకునే పరికరాలు, చేసే కంపెనీలు. బెంగళూరు కంపెనీ బ్లూఆర్మర్‌వి మన వాతావరణానికి తగ్గట్టు వస్తున్నాయి. గ్రూపుగా వెళ్లనివాళ్లకు ఇంటర్‌కమ్ అవసరం లేదు, బ్లూటూత్ స్పీకర్ ఉంటే చాలు. హెల్మెట్ కొనేటప్పుడే స్పీకర్ పెట్టుకోవడానికి చెవుల దగ్గర గుంటలు ఉన్నాయో లేదో చూడండి. లేకపోతే లోపలి థర్మోకోల్‌ని బ్లేడుతో కోసి చోటు చేసేవాళ్లున్నారు, దయచేసి ఆ పని చేయకండి. పడినప్పుడు తలను కాపాడేది ఆ థర్మోకోలే. ఐఎస్ఐ గుర్తు ఉన్న హెల్మెట్‌ని కోశాక ఆ గుర్తుకు అర్థం లేదు.

చెవిలో పెట్టుకునే ఇయర్‌బడ్స్ చవక. కానీ హెల్మెట్ వేసేటప్పుడు జారిపోతాయి, రెండు చెవులూ మూసేస్తే వెనక లారీ హారన్ వినపడదు. తప్పనిసరైతే ఒక చెవికే పెట్టుకోండి, రోడ్డు మధ్యభాగం వైపు ఉండే కుడి చెవిని తెరిచి ఉంచండి. 80 దాటితే గాలి హోరులో మాట కలిసిపోతుంది, దానికోసం వాల్యూమ్ పెంచుతూ పోతే సాయంత్రానికి చెవులు దిమ్మెక్కుతాయి. వేగం తగ్గించుకోవడమే దానికి మందు.

మాట ఒక్కదానితో ఇబ్బంది పడేది నగరాల్లోని ఫ్లైఓవర్ల దగ్గర. పైకెక్కాలా, కింద సర్వీస్ రోడ్డులో పోవాలా? ఉపగ్రహం లెక్కకు రెండూ ఒకే చోటు. ఫ్లైఓవర్ వస్తోందని ముందే చెప్పే సౌకర్యాన్ని గూగుల్ 2024లో మన నగరాల కోసం తెచ్చింది, అయినా సందేహం వచ్చే చోట బోర్డు చూసుకోవాల్సిందే. అత్తాపూర్‌లో ఎవరి ఇంటికి దారి అడిగినా పీవీ ఎక్స్‌ప్రెస్‌వే పిల్లర్ నంబర్ చెబుతారు. ఆ పిల్లర్ నంబర్‌ని మించిన నావిగేషన్ అక్కడ లేదు. అలాగే వెనకాల భార్యో స్నేహితుడో కూర్చుని ఉంటే వాళ్ల చేతికి ఫోన్ ఇచ్చి "మలుపు రాకముందే చెప్పు" అంటే చాలు. అన్నిటికంటే చవకైనది, చాలాసార్లు అన్నిటికంటే నమ్మకమైనది కూడా.

చట్టం ఏమంటుంది

బండి నడుపుతూ ఫోన్ చేతిలో పట్టుకోవడం మోటారు వాహనాల చట్టం సెక్షన్ 184 కింద ప్రమాదకర డ్రైవింగ్. మొదటిసారి 1,000 నుంచి 5,000 రూపాయల జరిమానా గానీ, 6 నెలల నుంచి ఏడాది దాకా జైలు గానీ, రెండూ గానీ పడొచ్చు. 2020 అక్టోబర్ 1 నుంచి అమల్లోకి వచ్చిన సవరణతో, నడిపేవాళ్ల ఏకాగ్రత చెదరకుండా దారి చూసుకోవడానికి మాత్రం ఫోన్ వాడుకోవచ్చని నిబంధనల్లో చేర్చారు. అంటే హోల్డర్‌లో ఉన్న మ్యాప్ తప్పు కాదు. హెల్మెట్‌కీ చెంపకీ మధ్య ఫోన్ దోపుకుని మ్యాప్ వినడం మాత్రం ఆ కిందికి రాదు.

మీ ప్రయాణం ఎలాంటిది

రోజూ నగరంలోనే తిరిగేవాళ్లకు, ముఖ్యంగా డెలివరీ చేసే తమ్ముళ్లకు: గట్టి హోల్డర్, మంచి ఛార్జర్, హెల్మెట్‌లో స్పీకర్. ఆర్డర్ వివరాలు చూడటానికి బండి పక్కకు ఆపండి, నడుస్తున్నప్పుడు మాట వినండి.

శని, ఆదివారాల్లో శ్రీశైలం, అరకు, మారేడుమిల్లి వైపు వెళ్లేవాళ్లకు: పాత ఫోన్, ఆఫ్‌లైన్ మ్యాప్, స్పీకర్. స్క్రీన్‌ని ఘాట్‌లో మలుపుల తీరు తెలుసుకోవడానికి ఓరకంట చూస్తే చాలు.

లడఖ్ వెళ్లేవాళ్లకు ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. మన ప్రీపెయిడ్ సిమ్‌లు జమ్మూ కశ్మీర్, లడఖ్‌లలో పనిచేయవు, పోస్ట్‌పెయిడ్ ఉండాలి. అదీ లేహ్ పట్టణం దాటాక చాలాచోట్ల పనిచేయదు. కాబట్టి అక్కడ ఆఫ్‌లైన్ మ్యాప్ లేకుండా బయల్దేరకూడదు. చలికి ఫోన్ బ్యాటరీ త్వరగా పడిపోతుంది, రాత్రి పూట ఫోన్‌ని దుప్పట్లోనే పెట్టుకోవాలి. జీపీఎస్ మీద 50 వేలు పెట్టడానికి కారణం వెతుక్కునేవాళ్లకు ఇది నిజమైన కారణం.

కొన్నాక ఎలా వాడాలి

ఏ పరికరమైనా దూరం, సమయం లెక్కేస్తుంది. గేటు ఎప్పుడు మూస్తారో, వాగు ఎప్పుడు పొంగుతుందో దానికి తెలియకపోవచ్చు. హైదరాబాద్ నుంచి శ్రీశైలం వెళ్లే దారిలో మన్ననూరు చెక్‌పోస్టు రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు మూసి ఉంటుంది, అది పులుల అభయారణ్యం. రాత్రి 8 గంటలకు అచ్చంపేటలో ఉన్నవాళ్లకు మ్యాప్ చూపించే సమయం చూస్తే ఆశ పుడుతుంది, గేటు దగ్గరికి ఆలస్యంగా చేరితే తెల్లారేదాకా ఆగాలి. 2023 జూలైలో మున్నేరు పొంగి నందిగామ దగ్గర ఐతవరం వద్ద హైదరాబాద్ - విజయవాడ జాతీయ రహదారి మీదికే నీళ్లు వచ్చాయి, రాకపోకలు ఆగిపోయాయి. జాతీయ రహదారి పరిస్థితే అలా ఉంటే పల్లెల్లో లోలెవెల్ వంతెనల సంగతి చెప్పక్కర్లేదు. 2024 నవంబర్‌లో ఉత్తరప్రదేశ్‌లోని బరేలీ దగ్గర మ్యాప్ చూపించిన దారిలో వెళ్లిన కారు సగం వరకే ఉన్న వంతెన మీద నుంచి రామగంగలో పడి ముగ్గురు చనిపోయారు. వానాకాలంలో పక్క దారి పట్టేముందు టీ కొట్టు దగ్గర ఆగి "అన్నా, వాగు దాటొచ్చా" అని అడగండి. అడగడానికి మొహమాటం వద్దు.

టూ వీలర్ మోడ్‌కి అడ్డదారులంటే ఇష్టం. నాలుగు నిమిషాలు తగ్గుతాయని పొలాల మధ్య డొంకలోకి దింపుతుంది. ఎండాకాలం పగలైతే సరదాగానే ఉంటుంది. కర్నూలు వైపో ఆదిలాబాద్ వైపో నల్లరేగడిలో, వాన పడిన మర్నాడు, చీకట్లో అలాంటి దారి పడితే చక్రానికీ మడ్‌గార్డుకీ మధ్య మట్టి నిండిపోయి బండి తోయడానికి కూడా రాదు. దీన్ని తప్పించుకోవడానికి గమ్యం ఒక్కటే పెట్టకుండా మధ్యలో ఊళ్లను స్టాపులుగా పెట్టండి. హైదరాబాద్ నుంచి అరకు అయితే సూర్యాపేట, విజయవాడ, రాజమండ్రి అని విడగొడితే హైవే వదిలి ఎటూ పోదు.

పల్లెకు వెళ్లేటప్పుడు ఊరి పేరు మాత్రం కొట్టకండి. రామాపురాలు, కొత్తపల్లులు, వెంకటాపురాలు జిల్లాకి ఎన్ని ఉన్నాయో! మండలం పేరు కలిపి కొట్టండి, అంతకంటే మంచిది అక్కడున్నవాళ్లను వాట్సాప్‌లో లొకేషన్ పంపమనడం. వచ్చిన లొకేషన్‌ని సేవ్ చేసి పెట్టుకుంటే సిగ్నల్ లేని చోట కూడా తెరుచుకుంటుంది.

బయల్దేరేముందు దారి మొత్తం ఒకసారి వేలితో జరుపుతూ చూడండి. పెద్ద మలుపులు ఎక్కడ, ఏ ఊరు దాటాక ఎటు, అంతవరకు బుర్రలో ఉంటే పరికరం ఆగిపోయినా ఇబ్బంది పడరు. హోల్డర్‌ని మీటర్‌కి దగ్గరగా, కళ్లకు ఎదురుగా వచ్చేలా బిగించండి. ట్యాంకు మీద పెట్టే పౌచ్‌లో ఫోన్ ఉంటే తల పూర్తిగా వంచాలి, అది వద్దు. పోలరాయిడ్ కళ్లద్దాలు పెట్టుకుంటే కొన్ని స్క్రీన్లు నల్లగా కనిపిస్తాయి, కొనేటప్పుడే అద్దాలు పెట్టుకుని చూడండి. నోటిఫికేషన్లన్నీ ఆపేయండి. గమ్యం మార్చాలన్నా, జూమ్ చేయాలన్నా బండి ఆపాకే.

ఇక మలుపు తప్పిపోయినప్పుడు. డివైడర్ ఉన్న హైవే మీద 50 మీటర్లు ముందుకు వెళ్లాక "అయ్యో, అదే" అనిపించి అంచు వెంబడి వెనక్కి, ఎదురు ట్రాఫిక్‌లో వచ్చేవాళ్లను మనం రోజూ చూస్తాం. బండి ఆపకండి, వెనక్కి తిప్పకండి. ఎడమవైపు లేన్‌లో అదే వేగంతో తర్వాతి యూటర్న్ వరకు వెళ్లండి. ఫోన్ అయినా జీపీఎస్ అయినా కొద్ది సెకన్లలో కొత్త దారి లెక్కేసి చెబుతుంది, మహా అయితే నాలుగైదు కిలోమీటర్లు పెరుగుతాయి.